నొప్పి మాత్ర, విటమిన్, ఐదో బోను

ఎలుక పాదం

ముప్పై ఏళ్ళకు పైగా నా ఉద్యోగం ఎలుకల పాదాలు కొలవడం. నెల్లూరు జిల్లా వెంకటాచలం దగ్గర హైవే పక్కనున్న ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్పేదాన్ని. అంటే మందు ఒంట్లోకి వెళ్ళాక ఏం చేస్తుందో చెప్పే చదువు. బయటివాళ్ళు "మందులు కనిపెడతారా మేడం?" అని అడిగేవారు. ఒక్క మందు కూడా కనిపెట్టలేదు. ఇతరులు కనిపెట్టిన మందులు ఎలా ప్రవర్తిస్తాయో చూశాను, పిల్లలకు చూడటం నేర్పాను. అంతే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పదోన్నతుల సంగతి, తనిఖీల సంగతి మీకే తెలిసివస్తుంది. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఒక తప్పు గురించి. అది నాదే.

ముందు పని ఎలా ఉంటుందో చెప్పాలి. సముద్రపు నాచు నుంచి తీసిన ఒక పొడిని నీళ్ళలో కలిపి ఎలుక వెనక పాదంలోకి సూదితో ఎక్కిస్తాం. కొన్ని గంటల్లో పాదం వాస్తుంది. ఆ పాదాన్ని పాదరసం ఉన్న గాజు గొట్టంలో గీత దాకా ముంచితే, పాదరసం ఎంత పైకి జరిగిందో చూసి వాపు ఎంతో రాసుకుంటాం. నొప్పి మాత్ర ఇచ్చిన ఎలుకకు వాపు తక్కువ ఉంటే మందు పనిచేసినట్టు.

వాపు వచ్చిన చోటికి శరీరం తన రక్షణ కణాలను పంపుతుంది. అవి క్రిములను చంపడానికి ఆక్సిజన్ నుంచి పుట్టే ఘాటైన అణువులను వదులుతాయి. ఆ ఘాటు మన కణాలను కూడా కాలుస్తుంది. దాన్ని చల్లార్చే పదార్థాలు కొన్ని ఒంట్లోనే ఉంటాయి, కొన్ని తిండిలో వస్తాయి. విటమిన్ సి, విటమిన్ ఇ అలాంటివే. వీటిని యాంటీ ఆక్సిడెంట్లు అంటాం. చల్లార్చేవి తగ్గి, కాల్చేవి పెరిగిపోతే దాన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటాం. నా చివరి పదేళ్ళ పని దీని చుట్టూనే తిరిగింది. ఇలాంటి ఒత్తిడిలో ఉన్న ఒంటికి నొప్పి మాత్ర ఇచ్చి, దానికి విటమిన్లు తోడుచేస్తే ఏమవుతుంది?

రాఘవయ్య గారు

నాకు పాదం కొలవడం నేర్పింది రాఘవయ్య గారు. నేను చేరినప్పుడు ఆయనే మా విభాగాధిపతి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎవరినీ మెచ్చుకోని నోరు.

చేరిన మొదటి నెలలో ఒక మందు మీద నా కొలతలు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. చాలా బాగా వచ్చాయి. ఆయన చూసి, లేచి ల్యాబ్‌కి వచ్చాడు. బోనుల మీదున్న చీటీలన్నీ పీకేసి, బోనుల వరస మార్చేశాడు. "ఇప్పుడు కొలువు" అన్నాడు. కొలిచాను. మందు ఇచ్చిన ఎలుకలకూ ఇవ్వనివాటికీ మధ్య తేడా సగానికి పడిపోయింది.

"నువ్వు మోసం చెయ్యలా. మందు పనిచెయ్యాలని నీకు ఆశ. నీ చెయ్యి ఆశపడినంత దాకా ముంచినాది" అన్నాడు.

ఆ రోజు ఏడుపు ఆపుకుంటూ ఇంటికి వెళ్ళాను. కానీ అంతకంటే ముఖ్యమైన పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. ఏ ఎలుకకు ఏమిచ్చారో కొలిచేవాళ్ళకు తెలియకూడదు. అప్పటి నుంచి నా ల్యాబ్‌లో అదే పద్ధతి.

నిజం చెప్పాలంటే ఆయన మంచి గురువు, మంచి పై అధికారి కాదు. ఆడపిల్లలకు కష్టమైన ప్రయోగాలు ఇచ్చేవాడు కాదు. విద్యార్థుల పనికి తన పేరు ముందు పెట్టుకునేవాడు. ఇవి చూసి నేను ఆయన్ని చాలా ఏళ్ళు దూరంగానే ఉంచాను. మళ్ళీ ఆయన దగ్గరకు ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో తర్వాత చెబుతాను.

మాధురి ప్రయోగం

మాధురిది సంగం అనే ఊరు. వరి రైతు కూతురు. ఎం.ఫార్మసీలో నా దగ్గర థీసిస్‌కు చేరింది. చేతి నిదానం, రాత నీటు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును, విటమిన్ సి, ఇ లను కలిపి చూద్దామన్నది తన ఆలోచనే. ఎలుకలను రోజూ కొంతసేపు ఇరుకు గొట్టాల్లో ఉంచి ఒత్తిడి కలిగించాలి. తర్వాత కొన్నిటికి మందు ఒక్కటే, కొన్నిటికి మందుతోపాటు విటమిన్లు, కొన్నిటికి ఏమీ ఇవ్వకుండా చూడాలి.

ఎలుకలను చూసుకునేది సుందరమ్మ. ముత్తుకూరు అవతల సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల పల్లె ఆమెది. బస్సు దిగి, కొంగు నడుముకు దోపి, నేరుగా బోనుల దగ్గరకు పోయేది. మేత, పొట్టు, నీళ్ళ సీసాలు అన్నీ ఆమె చేతుల మీదే. ఏ ఎలుక నలతగా ఉందో మాకంటే ముందు ఆమెకు తెలిసేది.

కొలిచేది మాధురి, ఏ బోనుకు ఏమిచ్చామో రాసిన పట్టిక నా దగ్గర; రెండూ కలిపి చూస్తే ఫలితాలు మంచిగా వస్తున్నాయి. విటమిన్లు తోడుగా ఉన్నప్పుడు, తక్కువ మోతాదు మందు కూడా పూర్తి మోతాదులా వాపును తగ్గిస్తోంది. నొప్పి మందుతో ఎలుకల కడుపులో పడే పుళ్ళు కూడా తక్కువగా ఉన్నాయి. మాధురి ముఖం వెలిగిపోయేది. నాదీ అంతే.

మే నెలలో సుందరమ్మ చెల్లెలి పెళ్ళికి సెలవు పెట్టింది. ఆ శని, ఆదివారాలు బోనులు చూసుకోవాల్సింది నేను. శనివారం వెళ్ళాను. ఆదివారం ఎండ చూసి బద్ధకించాను. సోమవారం పొద్దున మాధురి పరుగెత్తుకొచ్చింది.

"మేడం, ఐదో బోనులో రెండు పోయినాయి. మిగతావి ముడుచుకుని పడుండాయి."

వెళ్ళి చూస్తే ఐదు, ఆరు బోనుల సీసాల మూతి గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి. చుక్క నీరు దిగలేదు. ఐదో బోను ఎలుకలకు మందూ విటమిన్లూ రెండూ ఇస్తున్నాం. ఆరో బోనువాటికి ఏమీ ఇవ్వడం లేదు. ఆరో బోనులోవి కొత్త సీసా పెట్టగానే ఆత్రంగా తాగి సాయంత్రానికి తేరుకున్నాయి. ఐదో బోనులో మూడోది కూడా మర్నాడు పోయింది. కోసి చూస్తే మూత్రపిండాలు పాలిపోయి ఉన్నాయి.

"ఈ బోనుని ఏం చేద్దాం మేడం?" అని అడిగింది మాధురి.

"నీళ్ళు అందక జరిగిన ప్రమాదమమ్మా. మందు సంగతి కాదు. వదిలేద్దాం" అన్నాను. నేనే పెన్ను తీసుకుని ఆ వరస మీద ఎర్ర గీత కొట్టాను.

రెండు బోనులకూ నీళ్ళు అందలేదు. ఒకటి బతికింది, ఒకటి చచ్చింది. ఆ తేడా నా కళ్ళ ముందే ఉంది. ఆదివారం రాలేదన్న సిగ్గు, ఫలితాలు చెడిపోతాయన్న భయం, ఈ రెండూ కలిసి నన్ను చూడనివ్వలేదు.

నేనన్న మాట

పెళ్ళి నుంచి వచ్చాక ఒక మధ్యాహ్నం సుందరమ్మ బోనులు కడుగుతూ అడిగింది.

"మేడం, ఈ విటమిన్ బిళ్ళ ఏస్తే ఆ నొప్పి బిళ్ళ కడుపుని చెరపదంటనే? మాధురమ్మ చెప్పింది."

"మన ఎలుకల్లో అయితే చెరపలేదు సుందరమ్మా."

"మాయన భుజానికి రోజూ ఆ నొప్పి బిళ్ళే మింగతాడు. కడుపులో మంట అంటాడు. అయితే విటమిన్ గూడా ఏసుకోమంటా."

అప్పుడే ప్రిన్సిపాల్ గారి గది నుంచి పిలుపు వచ్చింది. లేస్తూ లేస్తూ, "విటమిన్ మంచిదేలే" అన్నాను.

మూడు మాటలు కూడా లేవు. ఆయన ఎన్ని మాత్రలు వేసుకుంటాడు, ఎన్నాళ్ళుగా, ఏం పని చేస్తాడు, ఇవేవీ అడగలేదు. తరగతిలో పిల్లలకు ఈ ప్రశ్నలే వరసగా రాయించేదాన్ని.

ఏడుకొండలు

సుందరమ్మ భర్త పేరు ఏడుకొండలు. చిన్నప్పటి నుంచి వల లాగిన భుజం అది. వేసవిలో వేట నిషేధం ఉన్నప్పుడు పడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి, పోర్టు వైపు లోడింగ్ పనికి పోయేవాడు. ఎండలో బరువులు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకటి రెండు సీసాల నీళ్ళు. భుజం నొప్పికి రోజుకు ఒక మాత్ర వేసుకునేవాడు. విటమిన్ తోడైంది కదా, కడుపు మంట కూడా తగ్గింది కదా అని రెండు చేశాడు. తర్వాత మూడు.

జూన్ మొదట్లో సుందరమ్మ ఫోన్ చేసింది.

"మేడం, మాయనకి మొగమంతా ఉబ్బింది. నిన్నట్నుంచి ఒంటేలు రావడం లా. వాంతులు. బిళ్ళలు రోజుకు మూడు మింగతా ఉండాడంట. నెల్లూరు పెద్దాసుపత్రికి తెచ్చినాం."

వెళ్ళాను. మనిషిని చూస్తే గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు. చేతులు నీరు పట్టి, మాట తడబడుతూ. డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రవాడే, ఓపికగా అడుగుతున్నాడు. "ఏం మందులు వాడుతున్నాడమ్మా? ఎవరు చెప్పారు?"

సుందరమ్మ నా వైపు చూసింది. నన్ను కాపాడాలని ఆమె నోరు మూసుకుందని నాకు అర్థమైంది.

"నొప్పికి డైక్లోఫెనాక్. రోజుకు మూడు. విటమిన్ వేసుకుంటే మంచిదని చెప్పింది నేను" అన్నాను.

డాక్టరు నా వైపు ఒక క్షణం చూసి రాసుకున్నాడు. "ఒక్క మాట వల్ల జరిగిందని నేననను మేడం. ఎండ, నీళ్ళు తాగకపోవడం, ఈ మాత్రలు. మూడూ ఒక్కసారిగా మీద పడ్డాయి. కిడ్నీలు పనిచేయడం మానేశాయి. ఇప్పటికి డయాలసిస్ చెయ్యాలి. తిరిగి పనిచేస్తాయో లేదో వారం పోతే గానీ చెప్పలేను" అన్నాడు.

ఆ వారంలో రోజూ వెళ్ళాను. మూడో రోజున ఏడుకొండలుకు కాస్త తెలివి వచ్చింది. నేను పక్కన కూర్చుని, తప్పు నాదని చెప్పబోయాను.

"మీరేం చేస్తారమ్మా, మూడు మింగింది నేను గదా" అన్నాడు. అంత నీరసంలోనూ నన్ను ఓదార్చబోయాడు.

సుందరమ్మ ఓదార్చలేదు. వరండాలోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"మేడం, బోనులో సీసా ఖాళీగా ఉంటే మీరు నన్ను తిడతారు. ఎలక్కి నీళ్ళు లేకపోతే మందు ఎట్టా తెలస్తాది అంటారు. మనిషికి నీళ్ళు తాగమని ఒక్కమాట చెప్పలేదే?"

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. బస్సులో తిరిగి వస్తుంటే ఐదో బోను గుర్తొచ్చింది. బస్సు దిగి ఇంటికి పోలేదు, కాలేజీకి పోయాను.

గీత కింద

రికార్డు పుస్తకం తీసి చూశాను. ఎర్ర గీత కింద మాధురి రాసిన అంకెలు చక్కగా కనబడుతున్నాయి. నీళ్ళు లేని రెండు బోనులు, పక్కపక్కనే.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. రెండో సంవత్సరం పిల్లలకు నేనే చెప్పే పాఠం అది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, మూత్రపిండాలకు రక్తం అందేలా రక్తనాళాలను తెరిచి ఉంచే పదార్థం ఒకటి తయారవుతుంది. నొప్పి మాత్ర ఆపేది సరిగ్గా ఆ పదార్థాన్నే. వాపు తగ్గేదీ అందువల్లే, కిడ్నీ ఎండిపోయేదీ అందువల్లే. విటమిన్ ఘాటైన అణువులను చల్లార్చవచ్చు. మూసుకుపోయిన రక్తపు దారిని తెరవలేదు. ఇంత తెలిసీ, నా ఎలుకల్లో జరిగినప్పుడు ప్రమాదం అన్నాను.

మర్నాడు మాధురికి చెప్పాను. ఐదో బోనును థీసిస్‌లో పెట్టాలి, ఒక్క బోనును బట్టి ఏమీ తేల్చలేం కాబట్టి జంతు ప్రయోగాల కమిటీ అనుమతి తీసుకుని ఆ భాగం మళ్ళీ చేయాలి, ఒక ఆరు నెలలు ఆలస్యమవుతుంది అన్నాను.

తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేడం, ఉద్యోగం మాట ఇచ్చినారు నాకు. ఆగస్టులో చేరాల. ఇప్పుడు ఆపితే వాళ్ళు ఆగరు."

"తెలుసమ్మా."

"గీత కొట్టింది మీరు. కష్టం నాకు."

అదీ నిజమే. ప్రిన్సిపాల్ గారు కూడా మాధురి పక్షమే. "ప్రమాదాన్ని ప్రమాదమని రాసి వదిలేస్తే తప్పేముంది? అందరూ చేసేదే కదా" అన్నారు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక రాఘవయ్య గారి ఇంటికి వెళ్ళాను. రిటైరై చాలా ఏళ్ళయింది. కళ్ళు సరిగా కనబడడం లేదు. పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఆ పేజీ చూశాడు.

"గీత కింద అంకె కనిపిస్తా ఉండాది గదా. నువ్వు అదృష్టవంతురాలివి" అన్నాడు. పుస్తకం మూసి, "నేనొకసారి కాగితమే చించేసినా. ఆ మందు తర్వాత ఎవరికేం చేసిందో నాకు తెల్దు. తెలుసుకునే దారి లేకుండా చేసుకున్నా" అన్నాడు.

నన్ను అంత కఠినంగా కొలిపించిన మనిషి, తన తప్పు మోస్తూ బతికాడని ఆ రోజు తెలిసింది. ఆయన మీద నాకున్న పాత కోపం అంతా పోయిందని అనను. కానీ ఆయన ఎందుకలా ఉండేవాడో కొంత అర్థమైంది.

రెండోసారి

మాధురి వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున తనే వచ్చి, "మా నాయనకి చెప్పినా. ఆయనా పొలంలో నడుం నొప్పికి ఇవే మింగతాడంట. చేద్దాం మేడం" అంది. చేతికొచ్చిన ఉద్యోగం పోయింది. నేను కంపెనీవాళ్ళకు ఉత్తరం రాశాను, ఫోన్ చేశాను. ఫలితం లేదు.

ఈసారి తక్కువ ఎలుకలతో, జాగ్రత్తగా చేశాం. కొన్నిటికి నీళ్ళు పూర్తిగా, కొన్నిటికి కొలిచి తక్కువగా. మునుపటిలాగే ఏ బోను ఏదో మాధురికి తెలియదు. నీళ్ళు పూర్తిగా ఉన్నచోట మొదటి ఫలితాలే మళ్ళీ వచ్చాయి, వాపు తగ్గింది, కడుపు బాగుంది. నీళ్ళు తగ్గినచోట మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. విటమిన్లు ఇచ్చినవాటిలో దెబ్బ కొద్దిగా తగ్గినట్టు కనిపించింది. ఆగలేదు.

అంటే మొదటి ఫలితం అబద్ధం కాదు. అది సగం. ఎలుకలో కూడా సగమే, మనిషి దగ్గరకు వచ్చేసరికి ఇంకెంత తక్కువో మనకు తెలియదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. "ఈ రెండూ కలిస్తే మంచిదా?" అని ఎవరైనా అడిగితే, "ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు, ఏ ఎండలో?" అని తిరిగి అడగండి. ఆ ప్రశ్నలకు తీరిక లేకపోతే జవాబు కూడా చెప్పకండి.

మాధురి వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి మొదటే ఆ పేజీ తెరిచాడు. "ఈ ఎర్ర గీత ఏమిటి?" అన్నాడు. నేను లేవబోతుంటే మాధురి చెయ్యి అడ్డం పెట్టి తనే చెప్పింది. నా పేరు చెప్పలేదు. "మేము చేసిన తప్పు సార్. తర్వాత పేజీలో దిద్దుకున్నాం" అంది. తనిప్పుడు ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టు. వచ్చిన ప్రతి ఒక్కరినీ "నీళ్ళు బాగా తాగతా ఉండావా?" అని అడుగుతుందట. అడిగి విసిగిస్తోందని అక్కడివాళ్ళ ఫిర్యాదు.

వేలం షెడ్డులో

ఏడుకొండలు బతికాడు. కొన్ని వారాల తర్వాత డయాలసిస్ ఆపేశారు. కిడ్నీలు తిరిగి పనిలో పడ్డాయి, పూర్తిగా కాదు. సముద్రం మీదకు పోవడం మానేశాడు. ఇంటి ముందు కూర్చుని చినిగిన వలలు బాగుచేస్తాడు. నొప్పి ఇంకా ఉంది.

సుందరమ్మ తిరిగి పనిలోకి వచ్చింది. బోనులు ఎప్పట్లాగే చూసుకుంది. నాతో మాత్రం పని మాట తప్ప మాట్లాడేది కాదు. నేను క్షమించమని అడిగాను, ఒకసారి కాదు. ఆమె వినేది, తల ఊపేది, బోనుల వైపు తిరిగేది. అలా రెండేళ్ళు గడిచాయి. అంతకంటే ఎక్కువ అడిగే హక్కు నాకు లేదు.

నేను రిటైరయ్యే సంవత్సరం, వేసవి రాబోతుండగా, ఆమే నా గదికి వచ్చింది.

"మేడం, వేట ఆపేస్తే మా పల్లెలో అందరూ పోర్టు పనికే పోతారు. అందరూ అవే బిళ్ళలు మింగతా ఉండారు. నేను చెప్తే నవ్వతారు. మీరు రావాల."

ఆదివారం పొద్దున వెళ్ళాను. చేపల వేలం వేసే రేకుల షెడ్డు. వేలం అప్పుడే అయిపోయి నేల తడిగా ఉంది. ఆడవాళ్ళు ఖాళీ బుట్టలు బోర్లించుకుని వాటి మీద కూర్చున్నారు. మగవాళ్ళు కొంతమంది స్తంభాలకు ఆనుకుని నిలబడ్డారు. ఏడుకొండలు వెనక వరసలో కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకునేలోపు ముందున్న పెద్దాయన ఒకాయన లేచాడు.

"అమ్మా, ఆ బిళ్ళ వద్దని చెప్పను వచ్చినారు. సరే. బిళ్ళ లేకపోతే చెయ్యి లేవదు. చెయ్యి లేవకపోతే పనికి రానీరు. మమ్మల్ని ఏం చెయ్యమంటారు?"

చుట్టూ అవునన్నట్టు గుసగుసలు. ఇంతకాలం ల్యాబ్‌లో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. నా దగ్గర పూర్తి జవాబు లేదు.

సుందరమ్మ లేచి నా పక్కకు వచ్చింది. తన పల్లెవాళ్ళ వైపు తిరిగింది.

"వద్దని చెప్పను రాలేదు మామా. ఈ మేడం నాకు ఒకసారి సగమే చెప్పింది. ఆ సగం మాయన మింగినాడు. ఇప్పుడు మొత్తం చెప్పను వచ్చింది. ఏది తెలుసో ఏది తెలవదో రెండూ చెప్తాది. వినండి."

అని, తను కూర్చున్న బుట్టను నా ముందుకు జరిపింది. నేను దాని మీద కూర్చుని, నాకు తెలియని దగ్గర మొదలుపెట్టాను.